వలసపాస్ నుంచి కాన్సులేట్ నమోదు దాకా: శాశ్వత నివాసం పొందిన తెలుగువారు - స్వదేశపు చిట్టా

వ్యాససంగ్రహం:
విదేశంలో శాశ్వత నివాస హోదా పొందిన భారతీయుడు ఆ సంగతిని అక్కడి భారత కాన్సులేట్‌కు తెలపాలన్న నిర్బంధం నేడు చట్టంలో లేదు. అందువల్ల ఎక్కువమంది దానిని పట్టించుకోదగిన విషయంగా భావించరు. అయితే తెలుగువారి సముద్రాంతర వలసల చరిత్రను పరిశీలిస్తే, స్వదేశపు చిట్టాలో పేరు ఉండటం, లేకపోవడం అనేవి తరువాతి తరాల పౌరసత్వాన్నే నిర్ణయించిన సందర్భాలు కనిపిస్తాయి. మారిషస్, నెటాల్, ఫిజీలకు వెళ్లిన ఒప్పంద కూలీల నమోదు, బర్మాకు నమోదు లేకుండా సాగిన వలస, భారత రాజ్యాంగం 8వ అధికరణం, నేటి పౌరసత్వ చట్టం అనే నాలుగు ఘట్టాలను ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. మన రాజ్యవ్యవస్థ పనికోసం వెళ్లేవానిని లెక్కించిందే తప్ప, స్థిరపడినవానిని లెక్కించలేదన్నది ఇందులోని ప్రధాన ప్రతిపాదన.

కీలకపదాలు: వలసపాస్, కోరంగివారు, రంగూన్, శాశ్వత నివాసం, 8వ అధికరణం, పౌరసత్వం, కాన్సులేట్ నమోదు, భీమడోలు.

1. ఉపోద్ఘాతం:
ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల నడుమ, జాతీయ రహదారి మీద, మద్రాసు - హౌరా రైలుమార్గం మీద ఉన్న మండలకేంద్రం భీమడోలు. ఉత్తరాన మెట్ట, దక్షిణాన ఆగడాలలంక వంటి కొల్లేటి గ్రామాలు. ఒక తరం కిందటి వరకు ఇక్కడి వలస అంటే చేపల చెరువు పనికో, వరికోతలకో పొరుగు ఊరికి పోవడం. నేడు గోదావరి జిల్లాల గ్రామాల నుంచి కువైట్‌కు ఇంటిపనికి వెళ్లే స్త్రీలున్నారు. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాలకు చదువుకోసం వెళ్లి అక్కడే నిలిచిపోయినవారున్నారు. “మావాడికి పీఆర్ వచ్చింది” అన్న మాట పెళ్లిపందిళ్లలో, రైతుబజార్లలో వినిపిస్తున్నది. ఆ వార్త బంధువులకు తెలుస్తుంది, ఊరికి తెలుస్తుంది, బ్యాంకుకు కూడా తెలుస్తుంది. ఆ వ్యక్తి చేతిలోని పాస్‌పోర్టు ఏ దేశపుదో ఆ దేశపు కార్యాలయానికి మాత్రం తెలియదు.

ఈ మౌనం కొత్తది కాదు. దీనికి నూటయాభై ఏళ్లకు పైబడిన పూర్వచరిత్ర ఉంది. ఆ చరిత్రను గుర్తించి, శాశ్వత నివాసం వచ్చిన తరువాత స్వదేశపు కాన్సులేట్‌లో నమోదు కావడం ఎందుకు ముఖ్యమో నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం. ప్రవాసాంధ్రుల గురించిన అధ్యయనాలు ఎక్కువగా భాషను, సంఘాలను, పండుగలను, సాహిత్యాన్ని పరిశీలించాయి. వారి ఉనికికి ఆధారమైన కాగితం మీద దృష్టి తక్కువ.

2. పాస్ మీది ఊరుపేరు:
బ్రిటిష్ సామ్రాజ్యంలో బానిసత్వం రద్దయిన తరువాత చెరకుతోటల పనికి భారతీయ కూలీలను ఒప్పందం మీద తరలించే పద్ధతి 1834లో మారిషస్‌తో ఊపందుకుంది. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ ఓడ నెటాల్‌లోని డర్బన్ రేవును చేరింది. అప్పటి నుంచి 1911 వరకు సాగిన నెటాల్ వలసలో తెలుగువారు గణనీయంగా ఉన్నారు. ఫిజీకి 1879లోనే కూలీల రవాణా మొదలైనా, మద్రాసు రేవు నుంచి దక్షిణాది వారిని పంపడం 1903లో ఆరంభమైంది.

ఈ కూలీలలో ప్రతి ఒక్కరికీ వలసపాస్ ఉండేది. అందులో సంఖ్య, పేరు, తండ్రిపేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఎత్తు, శరీరం మీది గుర్తులు రాసేవారు. వలసదారుల సంరక్షకాధికారి దానిమీద సంతకం చేసేవాడు. ఈ నమోదు దయతో చేసినది కాదు. మనిషిని సరుకువలె లెక్కగట్టి తోటయజమానికి అప్పగించడానికి, పారిపోతే పట్టుకోవడానికి అది సాధనం. తెలుగు పేర్లను ఆంగ్ల గుమాస్తాలు తమ చెవికి వినబడినట్లు రాసుకున్నారు. ఇంటిపేరు, పేరు, కులసూచకం కలగలిసిపోయాయి.

అయినా, ఆ కాగితంలో ఊరుపేరు ఉంది. మారిషస్‌లోని మోకాలో మహాత్మాగాంధీ సంస్థ భద్రపరిచిన వలస రికార్డుల ఆధారంగా నేడు ఎన్నో కుటుంబాలు తమ పూర్వికుల గ్రామాలను వెదుకుతున్నాయి. భారతదేశం ‘విదేశీ భారత పౌరుడు’ అనే కార్డును, అంటే ఓసీఐని, సాధారణంగా మునిమనుమల తరం వరకే ఇస్తుంది. మారిషస్ విషయంలో దీనిని ఏడవ తరం వరకు పొడిగిస్తున్నట్లు 2024 మార్చిలో ఆ దేశ పర్యటన సందర్భంగా రాష్ట్రపతి ప్రకటించారు. ఏడు తరాల వెనుకకు వెళ్లి ‘మా మూలపురుషుడు భారతదేశంవాడు’ అని చూపగలగడానికి ఆధారం ఏది? కూలీని బంధించడానికి రాసిన ఆ పాత చిట్టాయే. బంధించిన కాగితమే వారసులకు దారి చూపే కాగితమైంది.

3. నమోదులేని ప్రయాణం - రంగూన్:
ఇందుకు పూర్తిగా భిన్నమైన కథ బర్మాది. తెలుగువారి సముద్రాంతర వలసల్లో అతి పెద్దవాటిలో ఇది ఒకటి. విశాఖపట్నం, గంజాం, గోదావరి జిల్లాల నుంచి కాకినాడ, విశాఖ వంటి రేవుల మీదుగా ఆవిరి ఓడల్లో వేలాదిమంది రంగూన్ వెళ్లారు. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆ నగరం ‘రంగం’గా పలుకుబడిలోకి వచ్చింది. రేవుల్లో సరుకు దించడం, బియ్యపు మిల్లుల్లో పని, రిక్షా లాగడం, పారిశుద్ధ్యం వారి వృత్తులు. కూలీలను కూడగట్టినవాడు మేస్త్రీ. ఓడ ఛార్జీకి బయానా ఇచ్చినవాడూ అతడే.

అక్కడ వారిని ‘కోరంగివారు’ అన్నారు. గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు 1839 నాటి తుపానులో దెబ్బతిని క్రమంగా ప్రాధాన్యం కోల్పోయినా, ఆ పేరు బర్మాలో ఒక జాతిపేరుగా మిగిలిపోయింది. ఎవరి ఊరు ఏదో రాసుకున్న చిట్టా లేనప్పుడు, వచ్చినవారందరికీ రేవుపేరే ఇంటిపేరు అవుతుంది. నామశాస్త్ర దృష్టితో చూసినా ఇది గమనింపదగిన అంశం.

ఈ వలసకు వలసపాస్ లేదు. కారణం, 1937 ఏప్రిల్ 1న విడిపోయేవరకు బర్మా బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1922 నాటి భారత వలస చట్టం బ్రిటిష్ ఇండియా దాటి సముద్రమార్గాన బయటకు పోవడాన్నే ‘వలస’గా గుర్తించింది. కాబట్టి కాకినాడ నుంచి రంగూన్ పోవడం చట్టం దృష్టిలో కలకత్తా పోవడంతో సమానం. సిలోన్, మలయాల్లో కూలీల బాగోగులు చూడటానికి ఆ చట్టం కింద భారత ప్రభుత్వ ఏజెంట్లు నియమితులయ్యారు. బర్మా దేశంలోపలి భాగంగా ఉన్నంతకాలం అటువంటి ఏర్పాటు అక్కడ రాలేదు.

1931 జనగణన నాటికి బర్మాలో పది లక్షలకు మించి భారతీయులున్నారు. రంగూన్ నగర జనాభాలో సగానికి పైగా వారే. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె, వారి స్థానంలో తీసుకున్న బర్మా కార్మికులతో ఘర్షణ, తదనంతర హింస ఈ సమాజం ఎంత బలహీనమైన పునాది మీద ఉన్నదో చూపాయి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్‌పై బాంబులు వేసిన తరువాత లక్షలాది భారతీయులు అడవిదారుల్లో కాలినడకన స్వదేశానికి తరలివచ్చారు. దారిలో చనిపోయినవారికి కచ్చితమైన లెక్కలేదు. పోయేటప్పుడు లెక్కించనివారిని, పోయిన తరువాత లెక్కించడం ఎవరి తరం?

1948 జనవరి 4న బర్మా స్వతంత్రమైంది. ఆ దేశపు పౌరసత్వాన్ని కోరుకోవాలంటే, సామ్రాజ్య ప్రజగా పుట్టినవాడు 1942 జనవరి 1కి గాని, 1948 జనవరి 4కు గాని ముందరి పదేళ్లలో కనీసం ఎనిమిదేళ్లు బర్మాలో నివసించి ఉండాలన్న నియమం ఏర్పడింది. ఇది నిజానికి శాశ్వత నివాసాన్ని నిరూపించమన్న షరతు. పాస్‌పోర్టు లేకుండా వచ్చి, మేస్త్రీ చిట్టాలో తప్ప మరెక్కడా పేరులేక, యుద్ధంలో ఉన్నదంతా పోగొట్టుకున్న రేవుకూలీకి ఆ నిరూపణ ఎంత కష్టమో ఊహించవచ్చు. అటు బర్మా పౌరులు కాలేక, ఇటు భారత పౌరులుగా నమోదుకాక ఎందరో ‘విదేశీయుల రిజిస్ట్రేషన్ పత్రం’తో మిగిలారు. 1962 మార్చి 2న నే విన్ సైనికపాలన ఆరంభమై, 1963-64లో దుకాణాలను, సంస్థలను జాతీయం చేయడంతో లక్షలాదిమంది మళ్లీ ఓడలెక్కారు. విశాఖపట్నంలోని ‘బర్మా క్యాంపు’ పేరు ఆ రాకకు నేటికీ సాక్ష్యం.

4. రాజ్యాంగంలో కాన్సులేట్:
రంగూన్‌లోని తెలుగుకూలీకి భారత పౌరసత్వపు దారి లేదా? ఉంది. అది భారత రాజ్యాంగంలోనే ఉంది. పౌరసత్వానికి సంబంధించిన 5 నుంచి 9 వరకు గల అధికరణాలు మిగిలిన రాజ్యాంగం కంటె ముందే, 1949 నవంబరు 26న అమలులోకి వచ్చాయి. వాటిలో 8వ అధికరణం విదేశాల్లో ఉన్న భారతసంతతి వారికోసం. తానుగాని, తల్లిదండ్రుల్లో ఒకరుగాని, తాత అవ్వల్లో ఒకరుగాని 1935 చట్టం నిర్వచించిన ఇండియాలో పుట్టి ఉండాలి. తాను నివసిస్తున్న దేశంలోని భారత దౌత్య లేదా కాన్సులర్ ప్రతినిధికి దరఖాస్తు చేసుకొని పౌరునిగా నమోదు కావాలి. అప్పుడతడు భారత పౌరుడు.

ఇక్కడ రెండు అంశాలు గమనించాలి. మొదటిది, 1935 చట్టం బర్మాను ఇండియా నుంచి వేరుచేసింది. అంటే, వెళ్లినప్పుడు స్వదేశమైన చోటు, నమోదుకు వచ్చేసరికి పరదేశమైంది. రెండవది, విదేశంలో ఉన్నవారికి పుట్టుక ఒక్కటే సరిపోలేదు. నమోదు తప్పనిసరి అయింది. గణతంత్ర భారతం విదేశస్థుడైన తన బిడ్డను గుర్తించిన మొదటి చోటు కాన్సులేట్ రిజిస్టరే. దానికి దరఖాస్తు చేయవలసినది వ్యక్తి. సంతకం చేయరాని, కచేరి మెట్లెక్కడానికి జంకే కూలీ ఆ రిజిస్టరు దాకా ఎలా చేరగలడన్న ప్రశ్నకు అధికరణంలో జవాబు లేదు.

సిలోన్‌లో ఇదే సమస్య మరింత విస్తృతరూపం దాల్చింది. 1948 నాటి సిలోన్ పౌరసత్వ చట్టం వల్ల తోటకూలీలు, వారిలో అత్యధికులు తమిళులు, ఏ దేశానికీ చెందనివారయ్యారు. 1964 అక్టోబరు 30న కుదిరిన సిరిమావో - శాస్త్రి ఒప్పందం 9,75,000 మందిలో అత్యధికుల భవితవ్యాన్ని రెండు ప్రభుత్వాల మధ్య అంకెలుగా పంచింది. తమ పేరు ఎక్కడ ఉండాలో తాము తేల్చుకోలేనివారి పేర్లను ప్రభుత్వాలు తేల్చాయి.

5. పాస్‌పోర్టు యుగం - పాత నిర్వచనం:
1967 ఏప్రిల్‌లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ఏడాది జూన్‌లోనే పాస్‌పోర్టుల చట్టం వచ్చింది. అంతకు ముందు 1965లో అమెరికా తన వలసచట్టాన్ని సవరించడంతో తెలుగు వైద్యులకు, ఇంజనీర్లకు అక్కడ స్థిరపడే దారి తెరచుకుంది. మరోవైపు గల్ఫ్ దేశాల చమురు ఆదాయం కూలీలను పిలిచింది.

ఈ నేపథ్యంలో 1922 చట్టం స్థానంలో 1983 నాటి వలస చట్టం వచ్చింది. ఇందులో కూడా ‘వలస’ అంటే ఉద్యోగం నిమిత్తం దేశం విడిచి పోవడమే. పదవ తరగతి కూడా లేనివారు నిర్దిష్ట దేశాలకు పనికి వెళ్లేటప్పుడు అనుమతి తీసుకోవాలి. విద్యార్థిగా వెళ్లి, ఉద్యోగంలో చేరి, పదేళ్లకు శాశ్వత నివాసం పొందినవాడు ఈ నిర్వచనంలోకి ఎప్పుడూ రాడు. నాటి బర్మావలస వలె, నేటి స్థిరనివాసం కూడా చట్టపు నిర్వచనానికి అందని వలసగా మిగిలింది. చట్టాలు మారినా చూపు మారలేదనడానికి ఇది నిదర్శనం.

6. శాశ్వత నివాసం - మారేదేమిటి, మారనిదేమిటి:
శాశ్వత నివాస హోదా పౌరసత్వం కాదు. 1955 నాటి పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, మరొక దేశపు పౌరసత్వాన్ని స్వచ్ఛందంగా స్వీకరించినప్పుడే భారత పౌరసత్వం ముగుస్తుంది. గ్రీన్‌కార్డు వచ్చినా, పీఆర్ వచ్చినా భారత పాస్‌పోర్టు చెల్లుతుంది. కాన్సులేట్‌కు చెబితే పాస్‌పోర్టు తీసుకుంటారన్న భయం నిరాధారం. ఆ భయానికి మూలం బహుశా బర్మా, సిలోన్ తరాల అనుభవంలో ఉంది. అక్కడ ఒక దేశాన్ని ఎంచుకోవడమంటే మరొకదానిని వదులుకోవడమే.

ఆశ్రయమిచ్చిన దేశం మాత్రం తన చిట్టాను తప్పనిసరి చేస్తుంది. అమెరికాలో శాశ్వత నివాసి ఇల్లు మారితే పది రోజుల్లో ప్రభుత్వానికి తెలపాలి. స్వదేశంలోనూ డబ్బు విషయంలో చట్టం ఊరుకోదు. విదేశీ మారకద్రవ్య నిబంధనల ప్రకారం ప్రవాసి తన సాధారణ బ్యాంకు ఖాతాను ఎన్నార్వో ఖాతాగా మార్పించుకోవాలి. మనిషి ఆచూకీ విషయంలో మాత్రం భారత కార్యాలయాల నమోదు స్వచ్ఛందం. ఇటలీ 1988లో చేసిన చట్టం ప్రకారం ఏడాదికి మించి విదేశంలో ఉండే పౌరులు కాన్సులేట్ ద్వారా ప్రత్యేక జాబితాలో చేరాలి. జపాన్ పౌరులు మూడు నెలలకు మించి విదేశంలో నివసిస్తే తమ కాన్సులేట్‌కు నివాసపత్రం సమర్పించాలి.

నమోదు ప్రాధాన్యం మూడు సందర్భాల్లో ప్రస్ఫుటమవుతుంది.

మొదటిది జననం. 2004 డిసెంబరు 3 నుంచి, విదేశంలో భారతీయులకు పుట్టిన బిడ్డ పేరును ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో నమోదు చేయించకపోతే ఆ బిడ్డ భారత పౌరుడు కాడు. గడువు దాటితే కేంద్రప్రభుత్వ అనుమతి కావాలి. అమెరికాలో శాశ్వత నివాసికి పుట్టిన బిడ్డకు ఆ దేశ పౌరసత్వం పుట్టుకతో వస్తుంది గనుక చాలామందికి ఈ నియమపు తీవ్రత తెలియదు. సింగపూర్‌లో తల్లిదండ్రులిద్దరూ విదేశీయులైతే, వారికి పీఆర్ ఉన్నా, అక్కడ పుట్టిన బిడ్డ ఆ దేశ పౌరుడు కాడు. అక్కడ ఏడాది గడువు దాటడమంటే బిడ్డను ఏ దేశపు చిట్టాలోనూ లేకుండా చేయడమే. రంగూన్ రేవుకూలీ స్థితి ఇక్కడ ఉయ్యాలలోని శిశువుకు సంక్రమిస్తుంది.

రెండవది ఆపద. 1963 నాటి వియన్నా కాన్సులర్ సంబంధాల ఒప్పందం 36వ అధికరణం ప్రకారం, నిర్బంధంలో ఉన్న విదేశీయుడు కోరితే అతని కాన్సులేట్‌కు తెలపాలి. 37వ అధికరణం ప్రకారం, విదేశీయుడు మరణిస్తే అతని దేశపు కాన్సులేట్‌కు తెలపాలి. పౌరసత్వం మారని శాశ్వత నివాసికి ఈ రక్షణలు యథాతథంగా వర్తిస్తాయి. అయితే కాన్సులేట్‌కు కబురు అందినా, అక్కడి నుంచి ఏలూరు జిల్లాలోని తల్లికి కబురు చేరాలంటే ఆమె చిరునామా, ఫోను నంబరు కాన్సులేట్‌లో ఉండాలి. 1990లో కువైట్ ఆక్రమణ తరువాత లక్షా డెబ్బైవేలకు పైగా భారతీయులను విమానాల్లో తరలించిన ఘట్టం, 2020లో కరోనా వేళ స్వదేశానికి వచ్చే విమానాలకు రాయబార కార్యాలయంలో నమోదును షరతు చేయడం, 2022 జనవరిలో కీవ్‌లోని రాయబార కార్యాలయం అక్కడి భారతీయులను వివరాలు ఇవ్వవలసిందిగా కోరడం ఒకే సత్యాన్ని చెబుతాయి. ఆపద వచ్చిన నాడు మొదట వెదికేది జాబితానే.

మూడవది ఓటు. 2010లో ప్రజాప్రాతినిధ్య చట్టానికి చేర్చిన 20ఏ సెక్షన్ వల్ల, మరొక దేశపు పౌరసత్వం తీసుకోని ప్రవాసి తన పాస్‌పోర్టులోని స్వదేశ చిరునామా ఉన్న నియోజకవర్గంలో ఓటరుగా చేరవచ్చు. ఓటు వేయడానికి మాత్రం స్వయంగా రావాలి. ఆస్తి వ్యవహారాల్లో ఇక్కడి బంధువుకు ఇచ్చే అధికారపత్రం కూడా తరచుగా కాన్సులేట్ ధ్రువీకరణతోనే నడుస్తుంది.

7. చిరునామా చరిత్ర - భీమడోలు ఏ జిల్లా?
ఈ నమోదుల్లో ‘స్వగ్రామం, జిల్లా’ అనే గడి ఉంటుంది. అది కనిపించినంత స్థిరమైనది కాదు. భీమడోలు ఉన్న ఏలూరు ప్రాంతం 1859లో ఏర్పడిన గోదావరి జిల్లాలో ఉండేది. 1904లో కృష్ణా జిల్లాకు మారింది. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా అయింది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా అయింది. అదేనాటి విభజనలో పక్కనున్న తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రమైన పశ్చిమ గోదావరిలో ఉండిపోయింది. రాష్ట్రం సైతం మద్రాసు నుంచి 1953లో ఆంధ్రగా, 1956లో ఆంధ్రప్రదేశ్‌గా మారింది.

కనుక ఒకే ఇంటి నుంచి 1900లో, 1910లో, 1930లో, 2023లో బయలుదేరిన నలుగురి కాగితాల్లో నాలుగు జిల్లాలు ఉండవచ్చు. ఊరు కదలలేదు, ఊరి చిరునామా కదిలింది. ఇరవై ఏళ్ల కిందట ‘పశ్చిమ గోదావరి’ చిరునామాతో వెళ్లి శాశ్వత నివాసం పొందినవారు కాన్సులేట్‌లో వివరాలను సరిచేయించుకోవడం రేపటి మనుమనికి తాత ఊరిని భద్రపరచడమే. వలసచరిత్ర పరిశోధకులు సైతం పాత జాబితాల్లో ‘గోదావరి’ అన్న మాటను నేటి సరిహద్దులతో చదవరాదు.

8. ముగింపు:
పై పరిశీలన వల్ల ఈ నిర్ణయాలకు రావచ్చు.

మొదటిది, వలస విషయంలో మన పాలనావ్యవస్థ 1922లోనూ, 1983లోనూ శ్రమను లెక్కించింది; స్థిరనివాసాన్ని లెక్కించలేదు. బర్మా తెలుగువారి దుస్థితికి సైనికపాలన ఎంత కారణమో, ఈ లోపమూ అంత కారణం.

రెండవది, అణచివేత కోసం రాసిన వలసపాస్ వారసులకు ఆధారంగా మిగలగా, స్వేచ్ఛగా సాగిన రంగూన్ ప్రయాణం ఆధారాన్ని మిగల్చలేదు. నమోదు వల్ల నిఘాకు అవకాశం ఉన్నదన్న అనుమానం సహేతుకమే. కానీ నమోదు లేకపోవడం స్వేచ్ఛకు పర్యాయపదం కాదని రంగూన్ చరిత్ర హెచ్చరిస్తుంది.

మూడవది, శాశ్వత నివాసం పొందిన వెంటనే కాన్సులేట్‌లో తన పేరు, కొత్త చిరునామా, స్వదేశంలో కబురు అందవలసినవారి వివరాలు నమోదు చేయడం, బిడ్డ పుడితే ఏడాదిలోగా తెలపడం పౌరుని బాధ్యత. ఆ పనిని తెలుగులో, సంతకం రానివారికి సైతం అందేటట్లు చేయడం ప్రభుత్వ బాధ్యత. 8వ అధికరణం తెరిచిన తలుపు దగ్గరికి నాటి కూలీని ఎవరూ చేయిపట్టి తీసుకుపోలేదు. నేడు కువైట్‌లోని పనిమనిషి విషయంలో అదే పొరపాటు జరగరాదు.

ఊళ్లో చెప్పుకునే శుభవార్తను కాన్సులేట్ చిట్టాలోనూ రాయించడానికి పట్టేది కొద్దిపాటి సమయం. అది లేకపోవడం వల్ల కోరంగివారి వారసులు తమ ఊరుపేరును పోగొట్టుకున్నారు.